అమ్మ రిటైర్మెంట్‌కు గులాబీరంగు షాంపేన్ తేవాలా, వద్దా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్లమ్మ గవర్నమెంటు బళ్లో టీచరు, ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆ రోజు శనివారం పడింది. పగలు బళ్లో సన్మానం, రాత్రి తిరుపతి ఇంట్లో దగ్గరివాళ్లకు భోజనాలు, మర్నాడు తెల్లవారుజామునే అందరూ కలిసి కొండకు దర్శనానికి వెళ్లాలని అనుకున్నారు. కొన్నాళ్ల కిందట కూతురి ఆఫీసు పార్టీ ఫొటోల్లో గులాబీరంగు షాంపేన్ గ్లాసులు చూసి వాళ్లమ్మ, "ఆ రంగుది ఎట్లుంటాదో ఒక తూరి చూడాల పాపా" అన్నారట. ఆ మాట కూతురి మనసులో ఉండిపోయింది. సింగపూర్‌లో ఉండే బావ అదే వారం చెన్నై మీదుగా వస్తూ రెండు సీసాలు తెస్తానన్నాడు. లేబుళ్ల మీద బ్రూట్, ఎక్స్‌ట్రా డ్రై, డెమీ సెక్ అని ఏవేవో ఉన్నాయి, ఏది చెప్పాలో ఈవిడకు తెలియడం లేదు. రాత్రి భోజనాలకు ముందు అందరి ఎదుట సీసా తెరిచి అమ్మను సర్‌ప్రైజ్ చేయాలన్నది ప్లాన్. తమ్ముడు మాత్రం "తిరపతిలో, అదీ శనివారం పూట, ఇంట్లో ఇదేందిక్కా?" అని కోప్పడ్డాడు. నాయనకు ఇంకా చెప్పలేదు. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "మా చిన్నాయన తాగుడుతోనే పోయినాడు. అప్పట్నుంచి మా ఇంట్లో మందు అనే మాటే ఎత్తరు. చిన్నమ్మ, పిల్లలు కూడా ఆ రాత్రి భోజనానికి వస్తారు. కానీ షాంపేన్ వేరు కదా? ఏ సీసా తెప్పించాలి, ఇంట్లో ఎలా ఒప్పించాలి, చెప్పండి."

మీ ఉత్తరం చాలావరకు సీసా గురించే ఉంది. నేను మాత్రం ఆ చివరి మాటల దగ్గరే ఆగిపోయాను. ముందు వాటి గురించి మాట్లాడతాను. సీసా సంగతి కష్టమైనదేమీ కాదు, దాన్ని తర్వాత చూద్దాం.

షాంపేన్ వేరా అని అడిగారు. తయారీలో, ధరలో, తాగే పద్ధతిలో వేరే. కానీ అందులో ఆల్కహాల్ దాదాపు 12 శాతం ఉంటుంది. మామూలు బీరు కంటే రెట్టింపు పైనే. అయినా మీ చిన్నమ్మ శాతాలు చూడరు. భర్తను ఏ సీసాలైతే తీసుకుపోయాయో, అలాంటి సీసా ఒకటి తన బావగారి ఇంట్లో, తన పిల్లల ముందు, చప్పట్ల మధ్య తెరుచుకోవడం ఆవిడ చూస్తారు. ఆ క్షణంలో లేచి వెళ్లలేరు, కూర్చోనూ లేరు. వడ్డన సాయానికని వంటింట్లోకి వెళ్లిపోతారు. ఆవిడ ఎందుకు వెళ్లారో మీ అమ్మకు వెంటనే తెలిసిపోతుంది. మీ అమ్మ కోసం పెట్టుకున్న రాత్రి అక్కడితో పాడవుతుంది.

అందుకే ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. శనివారం రాత్రి ఆ భోజనంలో సీసా తెరవకండి. ఇక మిగతావన్నీ మీరు ఆలోచించుకోదగ్గవే, వాటిలో తప్పు దారి అంటూ లేదు.

మీ తమ్ముడితో ఇంకోసారి మాట్లాడండి. శనివారం, తిరుపతి అనేవి పైకి చెప్పుకోవడానికి వీలైన కారణాలు. మద్యం, మాంసం, పొగాకు నిషేధం ఉన్నది తిరుమల కొండ మీద. కింద ఊళ్లో మద్యం షాపులున్నాయి, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, ఇది మీ తమ్ముడికి తెలియనిది కాదు. మీ నాయన శనివారాలు ఒక్కపొద్దు ఉండేవారైతే ఆ అభ్యంతరానికి దాని బరువు దానికుంది, కాదనను. కానీ మీ తమ్ముడు చిన్నాయన పేరు ఎత్తలేక శనివారం పేరు ఎత్తాడేమో చూడండి. మీ ఇంట్లో ఆ మాటే ఎత్తరని మీరే రాశారు. "చిన్నాయన గుర్తొచ్చినాడా?" అని నెమ్మదిగా అడిగి చూడండి. వాదనతో గెలవాల్సిన మనిషి కాదు మీ తమ్ముడు. ఆ ఇంటి బాధను మీకంటే దగ్గరగా మోస్తూ ఉండొచ్చు. మీరు బెంగళూరులో ఉంటారు, అతను రోజూ చిన్నమ్మ పిల్లల్ని చూస్తుంటాడు.

ఇక మీ అమ్మ సంగతి. ఆవిడ ఆ మాట అన్నది నిజం. ఎప్పుడో అన్న చిన్న కోరికను గుర్తుపెట్టుకున్నందుకు నాకు మీ మీద చాలా ఆప్యాయత కలిగింది. అయితే ఫొటో చూసి అన్న మాటకు అర్థం రెండు మూడు రకాలుగా ఉండొచ్చు. నిజంగా రుచి చూడాలనే ఆశ కావచ్చు. లేదంటే, బిడ్డ తిరిగే ప్రపంచం ఎట్లుందో ఒకసారి తానూ చూడాలనే ముచ్చట కావచ్చు. రెండోదే అయితే బెంగళూరులో మీతో ఒక మంచి హోటల్లో సాయంత్రం గడిపితే చాలు, గ్లాసులో ఏముందన్నది పెద్ద విషయం కాదు. ఇది మీరు ఊహించి తేల్చేది కాదు, ఆవిడనే అడగాలి.

అందువల్ల సర్‌ప్రైజ్ అనే ఆలోచన నాకు నచ్చలేదు. మీ అమ్మ టీచరు. భోజనాలకు తోటి టీచర్లు కూడా ఒకరిద్దరు వస్తారేమో. ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి వీడియో తీస్తారు. గ్లాసు పట్టుకున్న ఫొటో ఆ రాత్రికే బంధువుల వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. వద్దంటే కూతురి మనసు నొచ్చుకుంటుందని, తాగితే భర్త ఏమనుకుంటారోనని, ఆవిడ ఇద్దరి మధ్య నలిగిపోతారు. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన రాత్రి ఆవిడకు ఆ టెన్షన్ ఎందుకు?

అడిగేది ఫోన్‌లో వద్దు. స్పీకర్ ఆన్‌లో ఉంటే పక్కన ఎవరున్నారో తెలియదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. "అమ్మా, ఆ రోజు ఆ రంగుది చూడాలన్నావు కదా, నిజంగానే అన్నావా?" అంటే చాలు. ఆవిడ నవ్వేసి "ఊరికే అన్నాలే" అంటే అక్కడితో వదిలేయండి, రెండోసారి గుచ్చి అడగొద్దు. "అవును, ఎక్కడ?" అంటే మీ దారి తేలికైంది. "మీ నాయన ఏమంటాడో" అన్నారనుకోండి, అప్పుడు అసలు మాట ఆయనతో మాట్లాడాల్సి ఉందన్నమాట.

మీ నాయనకు చెప్పాలా, వద్దా? చెప్పకుండా చేయొచ్చు. ఆవిడ మీ దగ్గరికి వచ్చినప్పుడు తాగి, తిరుపతి వెళ్లాక ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆ రహస్యంతో ఆ ఇంట్లో రోజూ ఉండేది మీ అమ్మ. మీరు బస్సెక్కి వెళ్లిపోతారు. ఎప్పుడో బావ నోరు జారితే జవాబు చెప్పాల్సింది కూడా ఆవిడే. అమ్మకు అది బరువుగా అనిపించకపోతే, ఆవిడే "మీ నాయనకు నేను చూసుకుంటాలే" అంటే సరే. నలభై ఏళ్ల సంసారంలో ఏది ఎప్పుడు చెప్పాలో ఆవిడకు బాగా తెలుసు.

చెప్పాలనుకుంటే మాత్రం అనుమతి అడిగినట్టుగా కాక, తెలియజేసినట్టుగా చెప్పండి. పోయిన తన తమ్ముడి గురించిన దుఃఖం ఆయనకింకా పచ్చిగానే ఉండొచ్చు కాబట్టి ఆ పేరును తప్పించుకు పోవద్దు. "నాయనా, అమ్మకు ఒకసారి రుచి చూడాలని ఉంది. మనింట్లో కాదు, నా దగ్గర బెంగళూరులో. చిన్నాయన సంగతి నాకు గుర్తుంది. నీకు తెలియకుండా చేయడం నాకిష్టం లేదు, అందుకే చెప్తున్నా." ఆయన కోప్పడొచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఒకవేళ ఆయన ససేమిరా అంటే అప్పుడు నిర్ణయం మీది కాదు, మీ అమ్మది. ఆవిడ వెళ్దామంటే వెళ్లండి. ఇప్పుడు వద్దులే అంటే, పిరికిదని అనుకోకండి. ఆవిడ ఇంటి లెక్కలు ఆవిడకున్నాయి.

ఎక్కడ తాగాలన్నదానికి మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఇంట్లోనే, బంధువులందరూ వెళ్లిపోయిన ఇంకో రోజు, శనివారం కాని రోజు, మీ నాయనకు తెలిసేలా చేయడం మొదటిది. అందరూ ఒప్పుకుంటే ఇదే నిండుగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ఇన్నేళ్లు మద్యం అడుగుపెట్టలేదన్న నియమం ఒక్కసారి పోతే పోయినట్టే. ఆ నియమం మీ నాయనకు తమ్ముణ్ని గుర్తుచేసుకునే పద్ధతి కూడా కావచ్చు. రెండోది బెంగళూరు. రిటైరయ్యాక మీ అమ్మకు సెలవుల లెక్క ఉండదు కదా, నెల తర్వాత పిలిపించుకోండి. సీసా అక్కడే కొనొచ్చు, అక్కడే తెరవొచ్చు, ఎవరి కళ్లూ పడవు. లోటేమిటంటే రిటైర్మెంట్ రోజు ఉండే ఊపు ఉండదు. నాకు మాత్రం మీ పరిస్థితిలో ఇదే సుళువుగా కనిపిస్తోంది. మూడోది, అసలు మానేయడం. దాని వల్ల పోయేది చిన్నదే, కానీ మీరు అమ్మను అడగకుండా మానేస్తే ఆ మాట మీ మనసులో మిగిలిపోతుంది. అడిగి మానేయండి.

శనివారం భోజనాలకు గులాబీరంగు కావాలనే ఉంటే దానిమ్మ రసంలో చల్లటి సోడా కలిపి పొడవాటి గ్లాసుల్లో ఇవ్వండి. రోజ్ మిల్క్ ఉండనే ఉంది. ఒక జాగ్రత్త: షాంపేన్ సీసాలా కనిపించే ఆల్కహాల్ లేని పానీయాలు అమ్ముతారు, అవి ఆ రాత్రి బల్ల మీద పెట్టొద్దు. లేబుల్ ఎవరూ చదవరు, సీసా ఆకారం చూసే మాట్లాడుకుంటారు.

ఇక మీ బావకు ఏం చెప్పాలన్నది చూద్దాం.

ఫ్రాన్స్ ఈశాన్యంలోని షాంపేన్ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసినదాన్నే షాంపేన్ అంటారు. సీసాలోనే రెండోసారి పులియబెడతారు, బుడగలు అందువల్లే పుడతాయి. మార్కెట్‌కు వదిలేముందు కనీసం 15 నెలలు నిల్వ ఉంచాలన్నది అక్కడి చట్టం. గులాబీరంగు రెండు రకాలుగా వస్తుంది. నల్లద్రాక్ష తొక్కలను రసంలో కొన్ని గంటలు ఉంచి రంగు దిగనివ్వడం ఒకటి. ముందే చేసి పెట్టుకున్న ఎర్ర వైన్‌ను తెల్ల వైన్‌లో కొద్దిగా కలపడం రెండోది, ఎక్కువమంది చేసేది ఇదే. ఈ కలిపే పద్ధతిని 1818లో మదాం క్లికో అనే ఆవిడ మొదలుపెట్టారని చెబుతారు. ఇరవై ఏడేళ్లకే భర్త పోతే ఆయన వైన్ వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుని నడిపించారు. మీ అమ్మ టీచరు కాబట్టి ఈ కథ ఆవిడకు చెప్పండి, రుచి కంటే ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

రంగును బట్టి తియ్యగా ఉంటుందనుకోవద్దు. చాలామంది మొదటిసారి నిరాశపడేది ఇక్కడే. రోజ్ మిల్క్ రంగు చూసి నోట్లో పోసుకుంటే పుల్లగా తగులుతుంది. తీపి ఎంతో లేబుల్ చెబుతుంది. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, అంటే దాదాపు తీపే తెలియదు. ఎక్స్‌ట్రా డ్రై అంటే 12 నుంచి 17 గ్రాములు. పేరు చూస్తే తక్కువ తీపి అనిపిస్తుంది గానీ బ్రూట్ కంటే తియ్యన. డెమీ సెక్‌లో 32 నుంచి 50 గ్రాములు ఉంటాయి. మీ అమ్మ కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటారో మీకు తెలుసు, దాన్ని బట్టి తేల్చుకోండి. లేబుల్ మీద 'రోజే' అని ఉంటే గులాబీరంగుదని అర్థం. తీపి ఇష్టమైతే మొయెట్ కంపెనీ 'నెక్టర్ ఇంపీరియల్ రోజే' డెమీ సెక్ రకం. వాళ్లదే రోజే ఇంపీరియల్, క్లికో రోజే, లారాన్ పెరియే రోజే, ఇవన్నీ బ్రూట్. ఆవిడకు షుగర్ ఉంటే డెమీ సెక్ ఒక చిన్న గ్లాసులో దాదాపు ఒక టీస్పూను చక్కెర ఉంటుందని గుర్తుంచుకోండి. షుగర్‌కో, బీపీకో, నిద్రకో మాత్రలు వాడుతుంటే ముందుగా డాక్టర్ని అడగాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు.

రెండు సీసాలు అక్కర్లేదు. 750 మిల్లీ సీసా ఆరు గ్లాసులకు సరిపోతుంది. మీరు ముగ్గురో నలుగురో, అందులో ఒకరు రుచి మాత్రమే చూస్తారు. 375 మిల్లీల సగం సీసా దొరికితే అదే తీసుకోండి. అంత డబ్బు ఎందుకనుకుంటే మన దేశంలోనే నాసిక్ దగ్గర దిండోరిలో షాన్డాన్ వాళ్లు చేసే బ్రూట్ రోజే ఉంది, ఇదీ సీసాలోనే రెండోసారి పులియబెట్టినదే. షాంపేన్ అని అనరు, ధర చాలా తక్కువ. బెంగళూరు షాపుల్లో అడగండి. "ఆ ఫొటోలో ఉన్నదే కావాల" అని అమ్మ అంటే ఆ పార్టీలో పోసింది ఏదో మీ ఆఫీసువాళ్లను కనుక్కోండి. అది షాంపేనే కాకపోవచ్చు కూడా.

బావ తెచ్చే దారి గురించి రెండు మాటలు. విదేశం నుంచి దిగేవాళ్లకు మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా వదులుతారు. అది కస్టమ్స్ లెక్క. చెన్నై నుంచి సరిహద్దు దాటించి మన రాష్ట్రంలోకి తేవడం ఎక్సైజ్ లెక్క, అది పూర్తిగా వేరు. చెక్‌పోస్టులో పట్టుబడ్డాక సింగపూర్ రసీదు చూపించి వాదించడం కంటే, ముందే ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోవడం మేలు. మీరు బెంగళూరు దారి ఎంచుకుంటే ఈ తలనొప్పే లేదు, బావను ఉత్త చేతులతో రమ్మనొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ సీసా ఆదివారం తెల్లవారుజామున కారు డిక్కీలో ఉండకూడదు. అలిపిరి దగ్గర ప్రతి బండినీ, బ్యాగునూ తనిఖీ చేస్తారు. అమ్మ, నాయన, చిన్నమ్మ కారులో ఉండగా సెక్యూరిటీవాళ్లు ఆ సీసా బయటికి తీశారంటే ఎట్లుంటుందో ఊహించండి. బావ విమానాశ్రయం నుంచి నేరుగా మీతో కొండకు వచ్చేలా ఉంటే ఈ సంగతి ఇప్పుడే చెప్పేయండి.

తెరిచే రోజు సీసాను ఫ్రిజ్ అడుగు భాగంలో మూడు నాలుగు గంటలు పడుకోబెట్టండి. ఎండ తగిలే చోట పెట్టొద్దు, తెల్లగాజు సీసాలో ఉండే గులాబీరంగు వైన్ వెలుతురుకు తొందరగా పాడవుతుంది. లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైనే, కాబట్టి బిరడా మీద బొటనవేలు ఉంచే తీగ విప్పండి, మూతిని మనుషుల వైపు తిప్పకండి. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పండి. చప్పుడు లేకుండా వస్తే అదే సరైన పద్ధతి. ఊపి నురగ చిమ్మించడం వద్దు, అంత ఖరీదు పెట్టి నేల కడగడానికి కాదు. పక్కన వేయించిన చెనక్కాయలు, ఉర్లగడ్డ చిప్స్, ఉద్దివడలు పెట్టండి. ఉప్పు, నూనె ఉన్నవాటితో బాగుంటుంది. నాటుకోడి పులుసు కారం తగిలితే మాత్రం బుడగలు నాలుకను మండిస్తాయి. ఓళిగలు బ్రూట్‌తో అసలు కుదరవు, వైన్ ఇంకా పుల్లగా తోస్తుంది. ఓళిగలే పెట్టాలంటే డెమీ సెక్ తీసుకోండి.

అమ్మకు మొదట సగం గ్లాసే పోయండి. నచ్చకపోతే ముఖంలో తెలిసిపోతుంది, ఇంకో గుక్క అని బతిమాలొద్దు, గ్లాసు తీసి పక్కన పెట్టి కాఫీ కలపండి. తాగినవాళ్లెవరూ ఆ రాత్రి బండి తీయొద్దు. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే, రెండు గ్లాసులకే దాటిపోవచ్చు. మిగిలిన వైన్‌కు షాంపేన్ సీసాల కోసమే అమ్మే బిగుతు మూత ఒకటి ఉంటుంది, అది పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి సాయంత్రానికి కూడా బుడగలుంటాయి.